కార్గిల్‌లో పోయిన హెలికాప్టర్ పైలట్ గురించి బడిలో ఏం చెప్పాలి? ముందు నాలుగు పేర్లూ రాయండి

మాస్టారూ, నమస్కారం.

మీరు అడిగినది మిగతావాళ్ళకూ తెలియాలి కాబట్టి ముందు క్లుప్తంగా రాస్తాను. మీది పర్లాకిమిడి దగ్గర హైస్కూల్. జులై 26న కార్గిల్ విజయ దినం చేస్తున్నారు. 1999లో క్షిపణి తగిలి చనిపోయిన హెలికాప్టర్ పైలట్‌ను ఈసారి ప్రత్యేకంగా తలుచుకోవాలని కమిటీ వాళ్ళు అనుకున్నారు. మీకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. పిల్లల్లో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, కొందరు సవర పిల్లలు. ఏం చెప్పాలి, పిల్లలు అడిగితే ఏం జవాబివ్వాలి, జత చేసిన ఫ్లెక్స్ నమూనా సరిగ్గా ఉందా అని మీ ప్రశ్న.

నేను వైమానిక దళంలో 24 ఏళ్ళు పనిచేశాను. ఎక్కువ కాలం హెలికాప్టర్ ఇంజన్ల పనే. రిటైరయ్యాక పర్లాకిమిడిలోనే ఉంటున్నాను. కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు నేను వేరే చోట ఉన్నాను, ఆ కొండల దగ్గర లేను. పోయినవాళ్ళతో నాకు పరిచయం లేదు. ఆ రకం హెలికాప్టర్‌ను మాత్రం చీకట్లో తడిమినా ఏ పైపు ఎక్కడికి పోతుందో చెప్పగలను. ఆ లెక్కలోనే ఈ జవాబు చదవండి.

ఫ్లెక్స్‌తో మొదలుపెడతాను. అది ప్రింటుకు వెళ్ళిపోతే మరి చేసేదేమీ ఉండదు.

మీ ఫ్లెక్స్ మధ్యలో ఉన్నది అపాచీ. నెట్‌లో వెతికితే ముందు అదే వస్తుంది, షాపు కుర్రాణ్ణి అనడానికేమీ లేదు. కానీ అపాచీ మన వైమానిక దళంలో చేరిందే 2019లో. 1999 మే 28న తోలోలింగ్ మీదికి వెళ్ళినది ఎంఐ-17, రష్యా తయారీ. రెండింటికీ తేడా కనిపెట్టడం తేలిక. అపాచీకి తలమీద నాలుగు రెక్కలు, ఎంఐ-17కి ఐదు. అపాచీ కందిరీగలా సన్నగా ఉంటుంది, అందులో ఇద్దరే కూర్చుంటారు. ఎంఐ-17 మాత్రం గున్న ఏనుగులా పొట్ట వేసుకుని ఉంటుంది, పాతిక మంది దాకా పడతారు, వెనక గోదాము తలుపుల్లాంటి రెండు తలుపులు. దాని రెక్కలు తిరిగే చక్రం ఒక కొస నుంచి ఇంకో కొసకు 21 మీటర్ల పైనే. మీ బడి వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు. పిల్లలను కోర్టు దగ్గరికి తీసుకెళ్ళి, ఆ గీత దాటి ఇంకో నాలుగడుగులు వేయించి, ఇంత వెడల్పు అని చూపించండి. బొమ్మ కంటే అదే బాగా గుర్తుంటుంది.

రెండోది, బొమ్మ కింద ‘పరమవీర చక్ర గ్రహీత’ అని వేశారు. అది తీసేయండి. కార్గిల్‌లో పరమవీర చక్ర వచ్చింది నలుగురికి, నలుగురూ సైన్యం వాళ్ళే. వైమానిక దళానికి ఇప్పటిదాకా వచ్చిన పరమవీర చక్ర ఒక్కటే, 1971 యుద్ధంలో నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్‌కు. మీరు తలుచుకుంటున్న హెలికాప్టర్‌లోని వాళ్ళకు మరణానంతరం ఇచ్చింది వాయుసేన మెడల్, శౌర్యానికి ఇచ్చేది. అది చిన్నదేమీ కాదు. ఇవ్వని పెద్ద పతకం తగిలిస్తే ఇచ్చిన పతకాన్ని చిన్నబుచ్చినట్టు అవుతుంది. మన ఊళ్ళలో సన్మానపత్రాల మీద ఒక బిరుదు అదనంగా తగిలించే అలవాటు ఉంది, తెలుసు కదా. సైన్యం సంగతిలో ఆ అలవాటు వద్దు.

మూడోదే నాకు ముఖ్యం. ఫ్లెక్స్ మీద ఒక్క ఫొటో, ‘వీర పైలట్‌కు జోహార్లు’ అని ఒక్క పేరు. మాస్టారూ, ఎంఐ-17 ఒక్కడు నడిపేది కాదు. ఆ రోజు అందులో పోయినవాళ్ళు నలుగురు. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్. ముహిలన్, సార్జెంట్ పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, సార్జెంట్ రాజ్‌కిశోర్ సాహు. నలుగురికీ అదే మెడల్. మొదటి ఇద్దరూ పైలట్లు. తరువాతి ఇద్దరిలో ఒకరు ఫ్లైట్ ఇంజనీర్, ఒకరు ఫ్లైట్ గన్నర్.

సినిమాల వల్లో పత్రికల వల్లో మనకు విమానం అనగానే పైలట్ ఒక్కడే కనిపిస్తాడు. బస్సు ప్రమాదమైతే డ్రైవర్ పేరుతో పాటు కండక్టర్ పేరూ అడుగుతాం. హెలికాప్టర్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకో అడగం. నేను కింద నుంచి పని చేసినవాణ్ణి కాబట్టి ఈ మాటలో కొంచెం పక్షపాతం ఉందనుకోండి, పరవాలేదు. ఫ్లైట్ ఇంజనీర్ అంటే ఎవరో పిల్లలకు చెప్పండి. ఇద్దరు పైలట్ల వెనక, మధ్య దారిలో మడత సీటు మీద కూర్చుంటాడు. ఇంజన్ల వేడి, ఆయిల్ ప్రెషర్, ఇంధనం అన్నీ అతని కళ్ళ ముందే. కొండ మీద చిన్న చదునులో దిగాలంటే తలుపు దగ్గరికి వచ్చి, తల బయటపెట్టి, తోక ఎక్కడుంది, చక్రం కింద రాయి ఉందా గుంట ఉందా అని పైలట్‌కు చెబుతూ ఉంటాడు. పైలట్‌కు తన వెనక ఏముందో కనిపించదు. ఇంజనీర్ మాటే అతనికి వెనక కళ్ళు. గన్నర్ పని ఆయుధాలు చూసుకోవడం, పక్కల నుంచీ కింద నుంచీ ఏం వస్తోందో కనిపెట్టడం. నలుగురి చెవుల్లోనూ ఒకటే లైను, ఒకరి మాట మిగతా ముగ్గురికీ వినిపిస్తుంది.

ప్రసాద్ అనగానే తెలుగు పిల్లలు, సాహు అనగానే ఒడియా పిల్లలు ‘మనవాడేనా సార్’ అని అడుగుతారు. సరిహద్దు ఊరు కదా, మనకు ఈ లెక్క పుట్టుకతో వచ్చింది. ఆ లెక్కలోకి దిగకండి. నలుగురూ ఒకే తలుపులోంచి ఎక్కారు అని చెప్పి ఊరుకోండి. ముహిలన్ పేరు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగవచ్చు, మీరు తెలుగు మాస్టారు కాబట్టి. తమిళంలో ‘ముగిల్’ అంటే మేఘం. మన పాత తెలుగు ‘మొగులు’, ‘మొయిలు’ దానికి చుట్టమే. ఆకాశంలో తిరిగే అబ్బాయికి మబ్బు పేరు. ఇలాంటిది ఒక్కటి చెబితే పేరు పిల్లల నోట్లో నిలుస్తుంది.

ఇక అసలు కథ. నేనైతే ఇలా చెబుతాను.

1999 వేసవిలో కార్గిల్, ద్రాస్ వైపు మన కొండ శిఖరాల మీద పాకిస్తాన్ వాళ్ళు వచ్చి కూర్చున్నారు. కింద శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే రోడ్డు. ద్రాస్ దగ్గర తోలోలింగ్ అనే కొండ మీద కూర్చున్నవాడికి ఆ రోడ్డు మన ఇంటి డాబా మీంచి వీధి కనిపించినట్టు కనిపిస్తుంది. లారీ కదిలితే ఫిరంగి గుండు పడేది. మన సైనికులు కింద నుంచి పైకి, దాక్కోవడానికి చెట్టు కూడా లేని రాళ్ళ మీద ఎక్కాలి. వాళ్ళకు పై నుంచి సాయం కావాలి.

మే 26న వైమానిక దళం రంగంలోకి దిగింది. ఆ ఆపరేషన్ పేరు ‘సఫేద్ సాగర్’. నియంత్రణ రేఖ దాటకూడదని ప్రభుత్వం షరతు పెట్టింది. 27న రెండు యుద్ధవిమానాలు పోయాయి. ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత శత్రువుకు చిక్కాడు, వారం రోజులకు తిరిగి వచ్చాడు. అతన్ని వెతుకుతూ వెళ్ళిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా చనిపోయాడు, ఆయనకు వీరచక్ర ఇచ్చారు. ఆ మర్నాడే, 28న, ‘నుబ్రా’ అనే పిలుపు పేరుతో ఎంఐ-17ల జట్టు తోలోలింగ్ మీదికి వెళ్ళింది. రాకెట్లు వేశారు. పని అయింది. ఆ పైన స్టింగర్ క్షిపణి తగిలి ఒక హెలికాప్టర్ కూలింది. అందులోని నలుగురే వీళ్ళు.

తోలోలింగ్ ఎత్తు గురించి అంకె చెబితే పిల్లలకు ఎక్కదు. దాదాపు 15,000 అడుగులు అంటే ఏం తెలుస్తుంది? మన మహేంద్రగిరి చూపించండి. అది 1,501 మీటర్లు. మహేంద్రగిరి నెత్తిన మహేంద్రగిరి, దాని నెత్తిన ఇంకో మహేంద్రగిరి పెట్టండి. అక్కడుంది తోలోలింగ్. శివరాత్రికి మహేంద్రగిరి ఒక్కటి ఎక్కడానికే మనం ఎన్నిచోట్ల కూర్చుంటామో అందరికీ తెలుసు.

ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర ఉండేదానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. మనిషికి ఊపిరి ఆడనట్టే ఇంజన్‌కూ ఆడదు, బలం తగ్గుతుంది. రెక్కలు తోయడానికి చిక్కటి గాలి ఉండదు. గోపాల్‌పూర్ తీరాన ఎగిరే బరువుతో అక్కడ ఎగరలేదు. అందుకని ఇంధనం తగ్గించి, సామాను దింపి, మనుషులను తగ్గించి లెక్క వేసుకుని వెళతారు. పుట్టుకతో యుద్ధానికని చేసిన ఎంఐ-35 హెలికాప్టర్ మన దగ్గర అప్పుడే ఉంది. ఒళ్ళంతా ఇనుప కవచం. ఆ బరువుతో ఆ ఎత్తులో పని చేయలేదు. అందుకే సామాన్లు, సైనికులు మోసే ఎంఐ-17కి రాకెట్ల గొట్టాలు బిగించి పంపారు. ఎద్దుకు కొమ్ములున్నాయని పులి మీదికి పంపినట్టు అని మా సీనియర్ ఒకాయన అనేవాడు. నాకు ఆ పోలిక అంత నచ్చదు కానీ, పూర్తిగా తప్పని అనలేను. సైన్యం అడిగింది, ఎగరగలిగింది అది ఒక్కటే ఉంది, వెళ్ళింది.

స్టింగర్ ఏమిటని అడుగుతారు. భుజం మీద పెట్టుకుని ఒక్క మనిషి పేల్చగల క్షిపణి. గొట్టంతో కలిపి పదహారు కిలోలకు అటూఇటూ, మన గ్యాస్ బండలో సగం బరువు. దాని ముక్కులో వేడిని పసిగట్టే కన్ను ఉంటుంది. హెలికాప్టర్ ఇంజన్ల పొగగొట్టాల వేడిని పట్టుకుని వెంటపడుతుంది. హెలికాప్టర్ వేగం గంటకు 250 కిలోమీటర్లు. క్షిపణి వేగం ధ్వనికి రెండింతల పైన. ఇంకో సంగతి, మామూలుగా హెలికాప్టర్ పైన, క్షిపణివాడు కింద. ఇక్కడ క్షిపణివాడు కొండ కొమ్మున కూర్చుని ఉన్నాడు. హెలికాప్టర్ అతనికి కంటి ఎదురుగానో, ఇంకా కిందనో వస్తుంది.

ఆ కన్నును మోసం చేయడానికి ఫ్లేర్లు ఉంటాయి. దీపావళి చిచ్చుబుడ్డిలా మండే ముక్కలను హెలికాప్టర్ పక్కలకు విడుస్తుంది, క్షిపణి ఇంజన్‌ను వదిలి వాటి వెంట పోతుంది. ఆ రోజు కూలిన హెలికాప్టర్‌కు ఫ్లేర్లు విడిచే పరికరం లేదు.

ఈ వాక్యం పిల్లలకు చెప్పాలా వద్దా అని మీకు సందేహం రావచ్చు. చెప్పండి. ఒక్క వాక్యంగా, ఎవరినీ తిట్టకుండా చెప్పండి. దాన్ని దాస్తే కథలో వాళ్ళు ఏదో బొమ్మల రాజ్యంలో వీరుల్లా అవుతారు. ఏది ఉందో ఏది లేదో తెలిసిన నలుగురు మనుషులు ఎక్కి వెళ్ళారు అంటేనే పిల్లవాడికి వాళ్ళు మనుషులుగా కనిపిస్తారు. తరువాత ఏం మారిందో కూడా చెప్పండి. ఆ దెబ్బ తరువాత ఎంఐ-17లను దాడికి పంపడం ఆపేశారు. అవి సామాన్లు మోయడానికి, గాయపడినవాళ్ళను దింపడానికి వెళ్ళాయి. యుద్ధవిమానాలు క్షిపణికి అందనంత ఎత్తు నుంచి దాడి చేయడం మొదలుపెట్టాయి. జూన్ 13న తోలోలింగ్ మన చేతికి వచ్చింది. అది నడిచి ఎక్కిన సైనికుల గెలుపు. ఆ యుద్ధం మొత్తంలో మనవాళ్ళు 527 మంది పోయారు.

పిల్లల్లో ఒకడు తప్పకుండా అడుగుతాడు, ‘సార్, పారాచూట్‌తో దూకలేరా?’ అని. పెద్దవాళ్ళూ అడుగుతారు, నన్ను ఎంతమంది అడిగారో. యుద్ధవిమానంలో సీటుతో సహా పైకి ఎగిరిపోయే ఏర్పాటు ఉంటుంది. ఎంఐ-17లో అది లేదు, తలమీద ఐదు రెక్కలు తిరుగుతుంటే పైకి ఎగిరేదెక్కడికి? పక్క తలుపు నుంచి దూకుదామన్నా కొండల మధ్య నేల చాలా దగ్గర. హెలికాప్టర్‌కు ఉన్న రక్ష వేరు. ఇంజన్ ఆగిపోయినా, కిందికి దిగుతున్నప్పుడు కింద నుంచి వచ్చే గాలికి రెక్కలు వాటంతట అవే తిరుగుతాయి. పైలట్ ఆ తిరుగుడును వాడుకుని మెల్లగా దించగలడు. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. కానీ రెక్కలో తోకో దెబ్బతింటే అదీ కుదరదు.

దీన్ని చూపించడానికి మీకు ల్యాబ్ అక్కర్లేదు. మన కొండల్లో సాల చెట్లు, అదే గుగ్గిలం చెట్లు, ఎండాకాలం చివర కాయలు రాలుస్తాయి కదా. ఆ కాయకు ఐదు రెక్కలు. డాబా మీంచి వదలండి, గిరగిరా తిరుగుతూ నెమ్మదిగా దిగుతుంది. రెక్కలన్నీ తుంచి వదలండి, రాయిలా పడుతుంది. నేను మా మనవడికి చూపించాను. వాడు ఆ పూటంతా ఏమీ మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర, ‘తాతా, ఆ నలుగురికి తెలుస్తుందా పడిపోతున్నామని?’ అని అడిగాడు. తెలుస్తుంది అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

‘శహీద్’ అనాలా, ‘అమరవీరుడు’ అనాలా అని అడిగారు. సైన్యం కాగితాల్లో శహీద్ అనే మాట లేదు. ప్రభుత్వం పార్లమెంటులో కూడా అదే చెప్పింది. యుద్ధంలో పోయినవాళ్ళను ‘కిల్డ్ ఇన్ యాక్షన్’ అంటారు. మీరు తెలుగులో అమరుడు అంటే తప్పేమీ లేదు, అది మన మర్యాద. నా ఇష్టం అడిగితే మాత్రం ‘పోరాటంలో చనిపోయారు’ అంటే చాలు.

ఎందుకంటే విశేషణాలతో నిండిన సభ ఒకటి నేను చూశాను. కొన్నేళ్ళ కిందట, మన వైపే. ఊరు పేరు వద్దు. సరిహద్దులో పనిచేస్తూ పోయిన ఒక కుర్రాడి సంస్మరణ. నన్ను మాజీ సైనికుడనని పిలిచారు. వేదిక మీద పదకొండు కుర్చీలు. వచ్చినవాళ్ళందరూ వీరుడు, ధీరుడు, భరతమాత ముద్దుబిడ్డ అని రెండు గంటలు మాట్లాడారు. నేనూ మాట్లాడాను, అదే ధోరణిలో. కుర్రాడి తల్లికి శాలువా కప్పి, ఫొటో తీసి, కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. సభ అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చి, ‘బాబూ, మావోడు అక్కడ సేసిన పనేటి? ఇంతమంది మాటాడినారు, ఒక్కలూ సెప్పలేదు’ అంది. నాకు నోట మాట రాలేదు. నాకూ తెలియదు. పిలిచినప్పుడు అడగాలని తోచలేదు. తరువాత కనుక్కుని వాళ్ళ ఇంటికి వెళ్ళి చెప్పాను. అతనిది సిగ్నల్స్ పని, కొండల మీద తీగలు లాగేవాడు. ఆవిడకు అర్థం కావాలని మా వీధి కరెంటు స్తంభం చూపించి చెప్పాను. ‘అంతెత్తు ఎక్కీవోడా’ అని స్తంభం కేసి చూస్తూ ఉండిపోయింది. అప్పటి నుంచి ఏ సభకు పిలిచినా ముందు పోయినతను ఏం పని చేసేవాడో కనుక్కుంటాను.

మీరూ ఆ నలుగురి పని చెప్పండి. పదిహేను నిమిషాల్లో పది నిమిషాలు దానికే ఇవ్వండి.

వీలుంటే ఫారం 700 గురించి కూడా. పిల్లలకు హాజరు పట్టీ తెలుసు, అలాంటిదే. ప్రతి హెలికాప్టర్‌కూ ఒక పుస్తకం ఉంటుంది. ఎగిరే ముందు ఇంజన్ చూసినవాడు తన గడిలో, కరెంటు పని చూసినవాడు తన గడిలో, ఆయుధాలు చూసినవాడు తన గడిలో సంతకం పెడతారు. చివరికి కెప్టెన్ వచ్చి అన్నీ చదివి సంతకం చేసి తీసుకుంటాడు. తిరిగి వచ్చాక ఎంతసేపు ఎగిరాడో, ఏం లోపం కనిపించిందో రాస్తాడు. మాకు అదే మాట్లాడుకోవడం. ‘ఎడమ ఇంజన్ వేడి కాస్త ఎక్కువ’ అని ఆయన రాస్తే, ‘చూశాను, సరిచేశాను’ అని నేను కింద రాయడం. ఏళ్ళ తరబడి ఒక పైలట్ చేతిరాత తెలుసు, ఇంటిపేరు తెలియదు, అలాంటివాళ్ళు ఉన్నారు నాకు.

ఒకసారి మా దగ్గర ఒకటి తిరిగి రాలేదు. యుద్ధంలో కాదు, మామూలు రోజుల్లోనే. వెంటనే ఆ పుస్తకాన్ని సీలు వేసి తీసుకుపోయారు, అది పద్ధతి. అందులో ఆ ఉదయం నా సంతకం ఉంది. కెప్టెన్ సంతకం ఉంది. దిగాక రాయాల్సిన గడులు ఖాళీ. ఇంజన్లలో లోపం లేదని విచారణలో తేలేదాకా నాకు ముద్ద దిగలేదు. తేలాక దిగింది కానీ, సంతకం పెట్టే ముందు ఒక్క క్షణం పెన్ను ఆపే అలవాటు రిటైరయ్యేదాకా పోలేదు. ఇప్పటికీ బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం దగ్గర ఆపుతాను, కౌంటర్ అమ్మాయి విసుక్కుంటుంది. మే 28న కూలిన ఆ ఎంఐ-17 పుస్తకంలోనూ ఎవరో నాలాంటివాడి సంతకం ఉండే ఉంటుంది. అతని గురించి సభలో చెప్పక్కర్లేదు. నేను మాత్రం ప్రతి ఏడాదీ ఆ రోజు అతన్నీ తలుచుకుంటాను.

తేదీ సంగతి. వాళ్ళు పోయింది మే 28న. అప్పుడు మీకు వేసవి సెలవులు కాబట్టి జులై 26 సరైనదే. ఫ్లెక్స్ మీద మాత్రం మే 28, 1999 అని వేయండి. జులై 26న పోయారని పిల్లలు అనుకోకూడదు. ఆ నలుగురూ పనిచేసినది 152 హెలికాప్టర్ యూనిట్, అది ఉత్తరప్రదేశ్‌లో సహారన్‌పూర్ దగ్గర సర్సావాలో ఉంటుంది. 2024లో పాతికేళ్ళయినప్పుడు వైమానిక దళం జులైలో రెండు వారాల కార్యక్రమం అక్కడే చేసింది, ఈ నలుగురినీ తలుచుకుంది. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగ చక్రం అనే వలయం ఉంది. స్వాతంత్ర్యం తరువాత పోరాటాల్లో పోయినవాళ్ళ పేర్లు, 25 వేల పైచిలుకు, ఒక్కొక్కరికి ఒక్కొక్క గ్రానైట్ పలక మీద చెక్కి ఉంటాయి. టూర్‌కు ఢిల్లీ వెళితే ఎర్రకోట ఒక గంట తగ్గించి పిల్లలను అక్కడికి తీసుకెళ్ళండి.

సభ నడపడం గురించి నేను ఎక్కువ చెప్పను, మీకు తెలియనిది కాదు. మౌనం రెండు నిమిషాలు అన్నారంటే రెండు నిమిషాలు పాటించండి, వాచీ చూసి. మనవాళ్ళు ఇరవై సెకన్లకే దగ్గడం మొదలుపెడతారు. బల్ల మీద జాతీయ జెండా గుడ్డలా పరచకండి. డీజే వద్దు. వాళ్ళ కుటుంబాల ఫొటోలు, పిల్లల ఫొటోలు నెట్‌లో దొరికినా పెట్టకండి, ఫోన్ నంబర్లు సంపాదించి పిలవకండి. జిల్లా సైనిక్ బోర్డుకు ముందుగా ఉత్తరం రాస్తే మన జిల్లాలోనే ఉన్న మాజీ సైనికులను, వీరపత్నులను పిలవడానికి సాయం చేస్తారు. వాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టండి. మీ ప్రెసిడెంట్‌గారు రెండో వరుసలో కూర్చుంటే ఆకాశం ఊడిపడదు.

జ్ఞాపికగా మన పర్లాకిమిడి కొమ్ముపనివాళ్ళతో హెలికాప్టర్ చేయిస్తామని రాశారు, చాలా బాగుంది. కొంగలూ రొయ్యలూ చేసిన చేతులకు అదేమంత కష్టం కాదు. తోక రెక్క మాత్రం ఎడమ పక్కన పెట్టమనండి, మూడు రెక్కలది. పాత ఎంఐ-8కి అది కుడి పక్కన ఉంటుంది. దూరం నుంచి మాలాంటివాళ్ళు ఈ రెండింటికీ తేడా కనిపెట్టే గుర్తు అదే.

భాష గురించి మీరు భయపడ్డారు, సభ అంటే గంభీరంగా ఉండాలేమో అని. మాస్టారూ, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది. మాట్లాడే భాషలోనే రాయండి అని ఆయన పోరాడిందీ, కొండలెక్కి సవర భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాసిందీ ఇక్కడి నుంచే. 1936లో ఊరు ఒరిస్సాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు కానీ, ఆ మాట ఇక్కడ మిగిలింది కదా. ‘అసువులు బాసిరి’ వద్దు, ‘చనిపోయారు’ చాలు. తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చెప్పించండి. సవర పిల్లల్లో ఒకరు వాళ్ళ భాషలో నాలుగు వాక్యాలు చెబితే ఇంకా మంచిది. పేర్లు నలుగురు పిల్లలతో చదివించండి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు, హోదాతో సహా. పేరు చదివిన పిల్లే ఆయన పని ఏమిటో ఒక్క వాక్యం చెప్పాలి.

అక్టోబర్ కబురు కూడా ఒక్కటి చేర్చుకోండి, పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. అదే 1999లో మన ఒడిశాకు రెండు తుఫాన్లు వచ్చాయి, 17న గంజాం మీద ఒకటి, 29న పారాదీప్ వైపు పెను తుఫాను. నీళ్ళలో చిక్కుకున్న ఊళ్ళ మీద అన్నం పొట్లాలు వదిలినవి వైమానిక దళం హెలికాప్టర్లే. అయిదు నెలల కిందట తోలోలింగ్ మీదికి వెళ్ళిన దళమే. వాటిలోనూ తలుపు దగ్గర ఒకడు వంగి నిలబడి, కింద చోటు చూసి పైలట్‌కు చెబుతూ ఉండేవాడు.

ఫ్లెక్స్ సరిచేశాక ప్రింటుకు ఇచ్చే ముందు నాకు ఒకసారి పంపండి, రెక్కలు లెక్కపెట్టి చెబుతాను. సాల కాయలు ఇప్పుడు దొరకవు, నా దగ్గర బిస్కెట్ డబ్బా నిండా ఎండబెట్టి ఉన్నాయి. 25 సాయంత్రం ఎవరినైనా పంపించండి, ఇచ్చి పంపుతాను.